కొత్త కోడలి దోస వరస

పాలస్తీనాలో ఒక కొండపల్లె. వేసవి ఉదయం. నీళ్ళు పెట్టకుండా పెంచే ఫక్కూస్ దోసమడిలో మామ అబూ మున్జిర్. నాబ్లుస్ పట్నం నుంచి ఈ ఇంటికి వచ్చిన కొత్త కోడలు రుబా.

"మళ్ళీ చెప్పు రుబా. ఈ తడంతా మంచు వల్లేనా?"

"మంచు వల్లే మావయ్యా. రాత్రి బాగా కురిసింది."

"నీ వరస ఒక్కదాని మీదే కురిసిందా?"

"గట్టు పక్కనుంది కదా."

"గట్టుకి రెండు పక్కలుంటాయి. అవతల టమాటా ఆకులు చూడు, దుమ్ముపట్టి, గరుగ్గా, నా చేతుల్లా ఉన్నాయి. నీ దోస ఆకులు పెళ్ళికూతురి బుగ్గల్లా ఉన్నాయి."

"పొగుడుతున్నారా, తిడుతున్నారా?"

"అడుగుతున్నా. పేనుబంక దేనికి పట్టింది?"

"నా వరసకే."

"మెత్తటి ఆకు దానికి పండగ. కష్టపడి పెరిగిన ఆకు జోలికి అంతగా పోదు. సరే, ఈ తీగ ఒకటి పీకు."

"పాపం, ఎందుకు?"

"పీకు, వేరు చూద్దాం. జానెడు కూడా దిగలేదే. చలికాలపు వాన ఎక్కడ దాక్కుంది?"

"నేల అడుగున. పైన మనం దున్ని పరిచిన పొడిమట్టి దుప్పటి. దాహమేస్తే వేరు తానే కిందికి వెళ్ళి తాగాలి. మీరే చెప్పారు."

"మరి ఇది ఎందుకు వెళ్ళలేదు?"

"బద్ధకమేమో."

"దోసకి బద్ధకం. నాబ్లుస్ గాలి తగిలిందన్నమాట."

"మా ఊరిని ఏమీ అనకండి."

"అననులే. మీ ఊళ్ళో కునాఫా మిఠాయి మీద పాకం పోసినంత ధారాళంగా..."

"నేనేం పోయలేదు."

"పోశావని నేననలేదే. నీళ్ళతొట్టి పక్కన మీ అత్త టీ కెటిల్ ఉందేం?"

"తోమడానికి తెచ్చా."

"రోజూనా?"

"రోజూ నల్లబడుతుంది మావయ్యా."

"బాగుంది. ఎర్రదారం ఇలా ఇవ్వు. విత్తనానికి ఉంచే కాయకి గుర్తుగా కట్టాలి. మా అమ్మ నాటి గింజ ఇది. మొన్నటి కరువుకి పిడికెడే మిగిలితే అదంతా నీ చేతిలోనే పోశాం. చుక్క నీరు తగలని తీగ గింజే మళ్ళీ చుక్క నీరు లేకుండా బతుకుతుంది. ఇదిగో, ఈ కాయ నిగనిగలాడుతోంది. దీనికే కడతా."

"దానికొద్దు."

"ఏం?"

"వంకరగా ఉంది."

"ఫక్కూస్ అంటేనే వంకర. నేనూ వంకరగానే ఉన్నా. ముడి పట్టుకో."

"ఆగండి మావయ్యా. ఈ గింజ ఊళ్ళోవాళ్ళకి కూడా ఇస్తారు కదా?"

"పద్నాలుగు ఇళ్ళకి."

"అయితే కట్టకండి. పోశాను. కెటిల్‌తోనే. పదకొండు రోజులు, మీరు తెల్లవారుజాము నమాజుకి వెళ్ళగానే. మధ్యాహ్నం ఆకులు వాలిపోతుంటే చూడలేకపోయాను. పిడికెడే ఉందన్నారు. నా చేతిలో చచ్చిపోతుందేమోనని..."

"మధ్యాహ్నం మనమూ వాలిపోతాం. సాయంత్రానికి లేవమూ?"

"ఇప్పుడు నవ్వకండి. మీ అమ్మగారి గింజ, నా వల్ల పోయింది. అత్తయ్యకి ఏ మొహంతో చెప్పను?"

"మీ అత్తకా? ఆవిడ పోసింది బకెట్‌తో."

"అత్తయ్యా?"

"మూడేళ్ళు. అడిగితే మంచు అనేది. నాలుగో ఏడు ఒప్పుకుంది. నువ్వు పదకొండు రోజులకే ఒప్పుకున్నావు. పద, కొండమీది మడికి పోదాం. దారం నువ్వే కట్టాలి."

"అక్కడేముంది కట్టడానికి? ఉన్న గింజంతా ఇక్కడే వేశాను కదా."

"ఇక్కడ నువ్వు వేసింది బజారు గింజమ్మా. కొత్త కోడలికి మా ఇంట్లో ఎప్పుడూ అదే ఇస్తాం."