బరాత్‌ల సగంల ఆగిన పాట

"మామా, అక్క బరాత్‌ల నువ్వు పెట్టిన పాట సంగతేంది? అమ్మనడిగితె నీ పేరు ఇనంగనే లేసిపోతున్నది."

ఇంకా లేసిపోతున్నదా మా అక్క? కూసో అల్లుడా, జెప్త. పరీక్షలున్నయని లగ్గం కాంగనే హాస్టల్‌కు ఉరికితివి, బతికిపోతివి.

అసలు మొదలైంది బండలు పాలిష్ జేసే కాడ. నీకెరుకే గద, రోజు వికారాబాద్‌ల రైలెక్కుడు, తాండూర్ల దిగుడు, పాలిష్ మిషన్ మీద నిలవడుడు. సప్పుడు ఇని బండ నునుపైందో లేదో జెప్త నేను. గంత పేరున్నోన్ని. మిషన్ల మోతకు ఆగలేక చెవులల్ల ఇయర్‌ఫోన్లు పెట్టుకోని పాత పాటలింటుంటి. పాత పాటలంటె... వికారాబాద్ స్టేషన్ ముంగట క్యాసెట్ల దుకాణం ఉండేది, చీటి రాసిస్తె పన్నెండు పాటలు ఎక్కిచ్చిస్తుండె, ఇరవై రూపాయలు... కాదు కాదు, ఖాళీ క్యాసెట్ మనదైతె పదే. సరే, గది ఇడువు.

ఒకనాడు ఫోన్ల పాట అయిపోయి, దానంతల అదే ఇంకోటి షురూ అయింది. మాటల్లేవు, రాగం లేదు. దుబ్, దుబ్, దుబ్. మిషన్ బేరింగ్ పోయిందనుకున్న! బంద్ జేసిన. సప్పుడు ఆగదాయె. ఉరికిపోయి మెయిన్ బంద్ జేసిన. అందరి మిషన్లు ఆగినయ్, నా చెవులల్ల మాత్రం దుబ్ దుబ్. "అందరు దూరం జరుగుండ్రి!" అని ఒర్లుతున్న. పక్క మిషన్ ఖాదర్ భాయ్ మెల్లగొచ్చి నా చెవులకెల్లి వైరు గుంజి, ఉరికొచ్చిన ఓనర్ దిక్కు తిరిగి, "సేటూ, మిషన్లు మంచిగనే ఉన్నయ్, ఖరాబైంది ఈయననే" అన్నడు.

సిగ్గు పోయింది, పాట మాత్రం పోలె. రైల్ల మల్ల ఇన్న. అరె, గిది మన పనే గద! బండకు మొదలు గరుకు రాయి వెడ్తం, తర్వాత సన్నది, ఇంకా సన్నది, ఆఖరికి మొకం కనవడ్తది. గా పాట గూడ గట్లనే. ఆరు నిమిషాలు ఒట్టి గాలి లెక్క ఊఁ అంటది, ఆనాడు మిషన్ల మోతల గది ఇనవడనే లేదు, తర్వాత దుబ్ దుబ్... జెప్తె రాదు. ఇంక నేను ఆగిననా? కంప్యూటర్ పాటలు, కొరియా పిల్లల పాటలు, అన్ని ఇన్న. కూరగాయలు కోసుకుంట కొరియా పాట పాడ్తుంటె మీ అత్త, "పన్ను నొస్తున్నదా?" అనె.

బరాత్ సంగతికొస్త. బషీరాబాద్‌ల మీ బావోళ్ల వాడ. మేనమామ అని మర్యాదకు ఒక్క పాట నాకిడిసిపెట్టిరి. పెన్ డ్రైవ్ ఇచ్చిన. పోరగాండ్లందరు చేతులు లేపిరి. పాట ఊఁ అన్నది. ఒక నిమిషం, రెండు నిమిషాలు... చేతులు దిగినయ్. పిల్లగాని నాయిన, "బావా, గిది పాటనా, జనరేటర్ సప్పుడా?" అనవట్టె. నేను, "ఆగుండ్రి, వస్తది, వస్తది!" అంటున్న. ఎవలొస్తున్నరో అని జనమంత రోడ్డు దిక్కు తిరిగి చూసిరి! కారు పక్కపొంటి మీ అమ్మ నన్ను చూసిన చూపు... ఆరు నిమిషాలు కావొస్తుండె, ఇంక రెండు క్షణాలల్ల దుమ్ము లేస్తుండె అల్లుడా, గప్పుడే డీజే పోరడు పెన్ డ్రైవ్ గుంజి నా చేతుల వెట్టిండు.

రైల్ల కూసోని ఇనే పాట, ఎగిరేటోళ్లకు పెడ్తె ఏమైతది? నాకే బుర్ర లేదు. "వియ్యాలోళ్ల ముందు ఇజ్జత్ తీస్తివి" అని మీ అమ్మ గప్పటిసంది మాట్లాడలె. రేపటినాడు నీ లగ్గమైతె రావాలె, తినాలె, డీజే బండి దిక్కు పోవద్దు అని కబురంపింది. న్యాయమే. ఒప్పుకున్న. నాకు ఒక్కటే తక్లీఫ్. ఇంతమందిల ఒక్కలన్న ఆఖరుదాక ఇనలె.

ఏందీ, నువ్వింటవా? నిజంగ? ఇగో, గీ చెవిది నువ్వు పెట్టుకో, గిది నాకు. కండ్లు మూసుకో. గిది గరుకు రాయి... ఇగో, ఇప్పుడు సన్నది పడ్డది, ఇన్నవా? మాట్లాడకు. అరె, మాట్లాడుతున్నది నేనే గద, ఆరు నిమిషాలు నోరు మూసుకుంటె నేను నేనెందుకైత! సల్లగుండు అల్లుడా, నీ ఇంటికొచ్చే పిల్ల గూడ నీ అంత ఓపికతోని రావాలె. చెవి కాడికి చెయ్యి తేకు, తియ్యకు... వస్తది... ఇగో...