అమ్మా, దారం తెగింది

దిల్‌సుఖ్‌నగర్‌లో రామస్వామి రిపేరు దుకాణం. వాసంతి టీచర్ తెచ్చిన చిన్న బోర్డుకు అతడు సన్నని వైర్లు తగిలించి కంప్యూటర్ వైపు చూస్తున్నాడు. బోర్డుకు ఒక స్పీకరు, దారం తగిలే సెన్సరు వేలాడుతున్నాయి.

“ఎప్పుడు ఖరాబైంది, టీచరమ్మా?”

“ఖరాబు కాలేదన్నా. మా తమ్ముడు చందు పోయిన రోజు గూడ నడుస్తనే ఉండె. నడుమ దారం తెగి పిలుస్తనే ఉన్నది. పోయి ఆపే సోయి ఇంట్ల ఎవ్వరికీ లేదు.”

“పిలుసుడేంది?”

“ఆసు మెషీన్‌ది గదా. చీరకు పట్టుదారాన్ని మేకుల చుట్టూ తిప్పుతది. తెగితే ఆగి మాట చెప్తది. చెయ్యి తిప్పి తిప్పి అమ్మ భుజం పోయిందని చందే చేసిచ్చిండు. మాట గూడ వాడి గొంతే.”

“మంచి పనోడు. మరి నన్నేం జెయ్యమంటవు?”

“ఆ గొంతు తీసెయ్యాలె. బదులు ఏదన్న బీప్ పెట్టు.”

“తమ్ముడి గొంతా?”

“అవునన్నా. ఎల్‌బీ నగర్‌ల ఒకాయన చెయ్యనన్నడు.”

“ఎట్ల చేస్తడు? నా వైర్లకు చిప్పు జవాబైతే ఇస్తుంది గని, లోపల చూడనిస్తలేదు. తాళమేసిండు మీవోడు.”

“మొదటి బోర్డును మా పెద్దనాయన కొడుకే కాపీ కొట్టిండు. అప్పటి సంది ఏస్తుండె.”

“ఇంటోళ్లే దొంగలైతే ఏస్తడు మరి! ఆ తాళం తీస్తే లోపలున్నదంత తుడుచుకపోతది, ప్రోగ్రాము, గొంతు, అంత. మళ్ల నేను కొత్తగ రాసి ఎక్కియ్యాలె. వాడి లాప్‌టాప్‌ల అసలుది ఉందా?”

“లాప్‌టాప్ ఆఫీసోళ్లది. తీస్కపోయిండ్రు.”

“గొంతన్న ఫోన్‌ల పట్టుకున్నవా?”

“పట్టుకున్న.”

“ఇంకేంది? దాన్నే మళ్ల ఎక్కిస్త.”

“వద్దు. బీప్ చాలు.”

“ఊకనే పిలుస్తుందా? గట్లయితే సెన్సర్ మారుస్త. జర ఆగు, దారం పెట్టి తీస్త.”

“అమ్మా, దారం తెగింది,” అన్నది స్పీకరు.

“ఆపన్నా.”

“ఆపిన, ఆపిన. సెన్సర్ బరాబరుందమ్మా. నిజంగ తెగితేనే పిలుస్తుంది. దారమే నాసిదేమో, ఇచ్చిన సేటును మార్చమను.”

“దారం మంచిదే.”

“మంచిదైతే ఎందుకు తెగుతది? సరే, వదిలెయ్. ఇది తుడిపిస్తున్నవని మీ అమ్మకు ఎరుకేనా?”

“రిపేరుకని తెచ్చిన.”

“గట్ల నేను చెయ్య. రేపు ఆమె వచ్చి నా కొడుకు గొంతేదిరా అంటే ఏం చెప్పాలె? ఆమెనన్న తోల్కరా, లేకుంటే ఎందుకో నాకన్న చెప్పు.”

“చెప్తే చేస్తవా?”

“ముందు చెప్పు.”

“దారం తెగుతలేదన్నా. అమ్మ తెంపుతున్నది. తెంపుతది, ఆ గొంతు ఇంటది, ముడేస్తది, మళ్ల తెంపుతది. వాడు పోయినప్పటి సంది ఒక్క చీరకు గూడ ఆసు పూర్తి కాలేదు.”