రబ్బరు పొట్టు

(భోజనాల బల్ల దగ్గర భార్యాభర్తలు. పక్కగదిలో అతని తల్లి. ఆవిడకి చూపు లేదు.)

“అన్నం తినే బల్ల మీద ఈ రబ్బరు పొట్టేంటండీ? ఇప్పుడేగా తుడిచాను.”

“మళ్ళీ తుడువు. అరిగిపోతావా?”

“నేను కాదు, రబ్బరు అరిగిపోయింది. నిన్నటి కొత్త రబ్బరు ఇవాళ కందిగింజంత మిగిలింది. ఏం చెరిపారు?”

“పుస్తకం శుభ్రం చేశాను. నీకెందుకు?”

“ఏ పుస్తకం?”

“పాతది.”

“మీ అల్మారాల్లో అన్నీ యుద్ధాల పుస్తకాలే, అన్నీ పాతవే. ఏ పాతది?”

“నాన్నది.”

“మామయ్యగారు సరిహద్దుకి పట్టుకెళ్ళిందా? అంచుల్లో అత్తయ్యకి రాసిన...”

“గొంతు తగ్గించు. అది మొదటి ముద్రణ. అట్ట మీది కాగితం కూడా చిరగలేదు. దానికి బదులు, ఆనాటి యుద్ధనాయకుడు స్వయంగా సంతకం చేసిన పుస్తకం ఇస్తానన్నాడొకాయన. పెన్సిలు గీతలుంటే మాత్రం వద్దన్నాడు.”

“గీతలా? కాగితం దొరక్క, శిబిరంలో కూర్చుని పెళ్ళానికి రాసుకున్న మాటలండీ.”

“ఆవిడకి కళ్ళే కనబడవు. ఉంటే ఎంత, పోతే ఎంత?”

“నేను చదివి వినిపిస్తున్నానుగా. ఆదివారానికో పేజీ. వినేస్తే ఆయన అయిపోతారని అత్తయ్య ఆఖరి పేజీ దాచుకున్నారు. ముందే చూడొద్దని నాచేత ఒట్టేయించుకున్నారు. అదీ చెరిపారా?”

“అన్నీ చెరిపాను.”

“అందులో ఏం రాశారో చూశారా?”

“చూస్తూ కూర్చుంటే పని తెమలొద్దూ?”

“ఆయన్ని చావుకి పంపినవాడి సంతకం కోసం ఆయన రాత తుడిచేశారు.”

“ఇదిగో, అమ్మ చెవిన పడిందంటే నువ్వు మీ పుట్టింట్లో ఉంటావు. పేజీ ముందు పెట్టుకుని నోటికొచ్చింది చదువు. ఆవిడకేం తెలుస్తుంది?”

“నోటికొచ్చింది చదవమంటారా?”

“చదువు.”

“సరే. అత్తయ్యా, వడ్డించేశాను, రండి. ఇదిగో కుర్చీ.”

“అమ్మాయ్, ఆ పుస్తకం కూడా తే. ఇవాళ ఆఖరి పేజీ వినేస్తాను. నేనే పోతే దాచుకుని ఏం లాభం? ఏదీ, ఒకసారి నా చేతికివ్వు... ఊఁ. ఇక చదువు.”

“‘ఏమోయ్, ఇక్కడ కళ్ళారా చూశాక ఈ పుస్తకం ఒట్టి అబద్ధమని తెలిసింది. మనవాడు పెద్దయ్యాక యుద్ధాల పుస్తకాలు ఇంట్లోకి రానివ్వకు. వస్తే నిప్పుల్లో వెయ్యి. ఒక్కటీ మిగల్చకు.’”

“ఏయ్, అందులో అలా ఎక్కడ...”

“మరెలా ఉందిరా? నువ్వు చూశావా?”

“లేదమ్మా.”

“చూడకపోతే నోరు మూసుకో. ఆయన మాట దాటేది లేదు. రేపు పొద్దున్నే అల్మారాలన్నీ పెరట్లో ఖాళీ చెయ్యి.”

“అమ్మా, సగం జీవితం పెట్టి పోగేశానే. కావాలంటే ఆ ఒక్క పుస్తకం...”

“తిను, చల్లారిపోతోంది. మీ నాన్న పెన్సిలు నొక్కి రాసేవారురా, వేలికి తగిలేది. ఆ ఆఖరి పేజీ రోజూ తడుముకునే పడుకునేదాన్ని. ఇవాళ నున్నగా ఉంది. నిప్పు నేనే పెడతాను. నాకు కనబడదుగా, ఒక్కోదాని పేరూ చదివి నువ్వే అందించు.”