రాకడ

కోడూరు అవతల రొయ్యల చెరువు కాపలా నుంచి, చార్జింగ్ అయిపోయిన ఫోనుతో మొగుడూ పెళ్లాం తమ పేటకొచ్చారు. ఆకు కదలడం లేదు. తలుపులన్నీ బార్లా తెరిచున్నాయి, మనిషన్నవాడు లేడు. ఎవరి పొయ్యి మీదో అన్నం మాడుతోంది. ఆమెకు పాస్టరుగారి ప్రసంగం గుర్తొచ్చింది.

“మావా, యేసుప్రభువు రాకడ అయిపోయింది. నమ్మినోళ్లందర్నీ ఆకాశంలోకి ఎత్తుకున్నాడు. మనల్ని విడిచిపెట్టేశాడు.”

“పొద్దస్తమానం తాగే యాకోబు బాబాయిని కూడానా?”

“చివర్లో మారుమనసు పొందాడేమో! మనమే, చెరువు చెరువని ఆదివారాలు మానేశాం.”

“పిచ్చిదానా, బురదలో ఆ చక్రాల జాడలు చూడు. తుపాను కబురొచ్చి అందర్నీ లారీల్లో తీసుకెళ్లుంటారు.”

“అమ్మయ్య! రాకడ కాదన్నమాట.”

అతను పంట కాలవకేసి చూస్తున్నాడు.

“నీళ్లు వెనక్కి పారుతున్నాయేంటే?”

ఆమె వంగి, వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. ఉప్పు కషాయం.

“రాకడే మావా. సముద్రానిది.”

“పరిగెత్తు, ప్రార్థన గుడి డాబా ఎక్కు! ఇక మనల్ని ఎత్తేవాళ్లెవరూ రారు.”