వంటింటి నుంచి మంచం దాకా

అలా చూడకే! ఆ చూపుకి ఇనుము కూడా వంకర తిరుగుతుంది. పొద్దున ఆరింటి నుంచీ ఈ కిటికీ దగ్గర వంగి పట్టాల అతుకులు ఆకురాయితో రాస్తున్నాను. నడుం పోయింది, మోకాళ్ళు పోయాయి. నువ్వేమో మంచం మీద నుంచి తనిఖీకొచ్చిన పెద్దింజనీరులా చూస్తూ ఉంటావు. ఒక్క మాట అనొచ్చు కదా?

అనలేవు. సరే. మర్చిపోతూ ఉంటాను.

నన్నేం చెయ్యమంటావు? నలభై ఏళ్ళు నేను మాట్లాడాను, నువ్వు విన్నావు. ఇప్పుడూ అంతేగా, ఏం తేడా వచ్చిందని అనిపిస్తుంది ఒక్కోసారి. ఆ డాక్టరు నన్ను పక్కకి పిలిచి, మాట పోయింది, కుడి పక్కంతా పోయింది, ఎడమ చెయ్యి మిగిలింది, చెప్పేవన్నీ మాత్రం అర్థమవుతాయి అన్నాడా? 'అన్నీ అర్థమవుతాయా డాక్టరుగారూ? అయితే నా పని అయిపోయినట్టే' అన్నాను. నవ్వలేదు. ఆ మనిషికి హాస్యం తెలీదు.

నువ్వయితే నవ్వేదానివి. మూతి ఒక పక్కకి తిప్పి.

రెండు గంటలకి అమ్మాయి వస్తుంది. కారు వెనక సీటు మడిచి, పరుపు వేసుకుని మరీ వస్తానంది. దాని మాటలు నువ్వూ విన్నావుగా! ఈ గుమ్మంలోనే నిలబడి, 'నాన్నా, అమ్మని బొమ్మ రైలుకి అప్పజెప్పి నువ్వు వంటింట్లో కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నావు. శనివారం మధ్యాహ్నం వస్తాను, రేకు కప్పు కాలిపోయే వేళకి. అమ్మ నా ఎదురుగా మీట నొక్కాలి. రైలు వంటింటి దాకా పోవాలి, గంట మోగాలి. మోగిందా, నోరు మూసుకుని వెనక్కి పోతాను. మోగలేదా, అమ్మ నాతో వస్తుంది' అంది.

ఏం గొంతు, ఏం గొంతు! ఎవరి పోలికో. నా పోలికే.

బొమ్మ రైలట! పన్నెండు మీటర్ల లైను. నీ తలగడ పక్కన బయల్దేరి, బీరువా వెనకగా పోయి, కిటికీ చెక్క మీదుగా, గోడలో బెజ్జంలోంచి అవతలికి దూరి, వంటింట్లో నా కుర్చీ పక్కన గంటని గుద్దుతుంది. ఆ బెజ్జం చూసి అద్దెకిచ్చిన ఇంటాయన లబోదిబోమంటే ఏమన్నాను? 'అది బెజ్జం కాదయ్యా, సొరంగం. ఇంత పెద్ద మేస్త్రీ ఇంత చిన్న సొరంగం తవ్వడం చరిత్రలో లేదు, డబ్బా కొట్టుకో' అన్నాను. ఆయనకి నోట మాట రాలేదు.

సరే, వచ్చింది. చాలానే వచ్చింది. అది వదిలెయ్.

కింద దర్జీ ఆవిడ కూడా, 'మామూలు కాలింగు బెల్లు పెట్టొచ్చుగా బాబాయిగారూ' అంది. బెల్లు పిలుస్తుందమ్మా, ఏం కావాలో చెబుతుందా? నా రైలు చెబుతుంది. ఆవిడ ఇచ్చిన గుండీలే మూడు. రైలు పెట్టెలో నీలం గుండీ వేసి పంపావా, నీళ్ళు. తెల్లది వేశావా, పక్క మార్చాలి. ఎర్రది వేశావా, ఉన్నవాణ్ణి ఉన్నట్టు పరిగెత్తుకు రావాలి.

నాలుగు నెలల్లో ఎర్రది నువ్వు ఎప్పుడూ వెయ్యలేదు. సోమవారం వేశావు.

ఆ రోజు ఇంజను ఇక్కడే, ఈ కిటికీ కింద, చక్రాలు పైకి పెట్టి పడి ఉంది. ఎర్ర గుండీ బీరువా కాలి దగ్గర దొరికింది నాకు. అమ్మాయికి చూపించలేదు. జేబులో ఉంది. ఇదిగో.

నేరం ఎవరిదంటావు? ఎండది. ఎండది కాకపోతే నాది. నలభై ఏళ్ళు పట్టాల మీద బతికినవాణ్ణి! నిద్రలో లేపి అడిగినా చెబుతాను, ఎంత వేడికి ఎంత సందు వదలాలో. వేడెక్కితే ఇనుము సాగుతుంది, సాగడానికి చోటివ్వకపోతే పక్కకి పొంగుతుంది. పట్టాలు బాగుచేసే గ్యాంగులో చేరినవాడికి మొదటి పూట చెప్పే పాఠం. వెయ్యిమందికి చెప్పుంటాను. సరే, ఓ అరవైమందికి.

మరి ఇంట్లో ఎందుకు వదల్లేదు?

చలికాలంలో వేశాను కదా ఈ లైను. నువ్వు ఆస్పత్రి నుంచి వచ్చిన వారం. చెంచా కింద పడితే ఉలిక్కిపడేదానివి, కళ్ళలో నీళ్ళు తిరిగేవి. పట్టాకీ పట్టాకీ మధ్య సందుంటే చక్రం టకటకమనకుండా ఊరుకుంటుందా? అందుకని పన్నెండు పట్టాలూ ముక్కుకి ముక్కు ఆనించి, టంకం పోసి, నున్నగా రాసేశాను. గోరు పెట్టి గీసినా అతుకు ఎక్కడుందో దొరకదు. రైలు నీడలా పోయేది.

నీ కోసమే చేశాను.

అబ్బా, చూడకే అలా! పూర్తిగా నీ కోసమే కాదులే. కొంచెం పొగరు కూడా ఉంది. పెద్ద రైళ్ళకి ఇప్పుడు మైళ్ళకు మైళ్ళు అతుకు లేకుండా వేస్తున్నారు, ఈ చేతులకి చేతకాదా అనుకున్నాను. వాళ్ళకి పట్టాల కింద నలుగురు మనుషుల బరువుండే స్లీపర్లున్నాయి, కొండల్లా కంకర ఉంది, పట్టాని కదలనివ్వవు. నాకేమున్నాయి? గుండుసూదుల్లాంటి మేకులు.

ఎంత సాగిందో తెలుసా? పన్నెండు మీటర్లకీ కలిపి నాలుగు మిల్లీమీటర్లు. బియ్యపు గింజ కూడా కాదే! బియ్యపు గింజంత కూడా లేనిదానికి నా రైలు పడింది. నువ్వు పడ్డావు.

నేనెక్కడున్నాను అప్పుడు? గంట పక్కనే, కుర్చీలో. చెయ్యి చాస్తే అందుతుంది. గ్యాసు బండ మోసుకొచ్చినతన్ని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, నేను మెయిలు బండి ఆపిన కథ చెబుతున్నాను. గంట మోగలేదు కాబట్టి నీకేం అక్కర్లేదనుకున్నాను. కథ మంచి పట్టులో ఉంది. ఇంజను కూత నోటితో వేస్తున్నాను, కాళ్ళతో నేల దడదడలాడిస్తున్నాను. ఆ దడదడలో నువ్వు మంచం మీంచి పడ్డ చప్పుడు నాకు వినపడలేదు. కింద కుట్టుకుంటున్న దర్జీ ఆవిడకి వినపడింది. మెట్లెక్కి వచ్చింది. నేను ఆవిణ్ణి చూసి, 'రామ్మా, సరైన టైముకి వచ్చావు, ఇప్పుడే మెయిలు మలుపు తిరుగుతోంది' అన్నాను.

అన్నాను. ఏం చెయ్యను? అనేశాను.

ఇప్పుడు చూడు మరి, పని చూడు! మీటరుకి ఒక చోట కోశాను. అతుకు రేకులు టంకం లేకుండా వదులుగా తొడిగాను, పట్టా అందులో జారుతుంది. కరెంటు తెగకుండా అతుకు కింద సన్న తీగ, అదీ బిగించకుండా వంపు పెట్టి. చల్లటి వేళ ఎక్కువ సందు వదలాలి కదా, అందుకే ఆరింటికే మొదలుపెట్టాను. సందు కొలవడానికి పెద్ద లైను మీదయితే ఉక్కు రేకులిచ్చేవాళ్ళు. ఇక్కడ? నీ తల స్కానింగు ఫిల్ము ఉందిగా, దాని అంచు కత్తిరించాను. నల్లటి మూల, బొమ్మ లేని చోట! నీ తల జోలికి పోలేదు, ఒట్టు. రెండు మడతలు పెడితే సరిగ్గా కావలసినంత మందం.

వంటింటి మీట నొక్కి యాభైసార్లు నడిపి చూశాను.

ఆరుసార్లు.

ఆరుసార్లూ పోయింది, వచ్చింది. ఒంటిగంటన్నర ఎండలో! కప్పు మీద చెయ్యి పెడితే బొబ్బలెక్కే ఎండలో. టకటకమంటోంది, అది నిజమే, కానీ నువ్వు ఉలిక్కిపడలేదు, నేను గమనించాను. ఇంక నువ్వు నొక్కడమే. ఇదిగో మీట, నీ బొటనవేలి కిందే పెట్టాను. అమ్మాయి రాకముందు ఒక్కసారి నొక్కు. ఊఁ.

నొక్కవే.

చెయ్యి లేవట్లేదా? పొద్దున మందు తాగమంటే చెంచా విసిరింది ఏ చెయ్యి? ఈ చెయ్యేగా! నా చెవికి తగిలింది కూడా.

సరే, మనకున్న భాషలో చెప్పు. ఒకసారి రెప్ప వేస్తే ఔను, రెండుసార్లు వేస్తే కాదు. మీట గట్టిగా ఉందా?

కాదు. మరి? మళ్ళీ పడుతుందని భయమా?

కాదు.

ఎటు చూస్తున్నావు? గోడ మీద ఏముంది? ఫ్రేము. నా ప్రశంసాపత్రం. ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉంది, ఇవాళ కొత్తగా చూడటానికేముంది? 'చాకచక్యంతో మెయిలును ఆపి ప్రయాణికుల ప్రాణాలు కాపాడిన గ్యాంగు మేస్త్రీకి...'

ఇప్పుడా? ఇప్పుడెందుకే అది? అమ్మాయి వచ్చే టైమయింది.

సరే. సరే! ఎవరూ లేరుగా. చెబుతాను.

మెయిలు ఆపింది నేను కాదు. పనిముట్ల షెడ్డు నీడలో పడి నిద్రపోతున్నాను. నువ్వు అన్నం క్యారేజీ పట్టుకుని లైను పక్కన నడిచొస్తూ పట్టా పాములా వంకర తిరిగి ఉండటం చూశావు. క్యారేజీకి కట్టిన ఎర్రగుడ్డ విప్పి, ఊపుకుంటూ ఎదురు పరిగెత్తావు. అన్నం అంతా కంకరలో పోయింది. డ్రైవరుకి ఎండమావిలో గుడ్డ కనిపించింది గానీ పట్టుకున్న మనిషి కనిపించలేదు. బండి ఆగింది, చెయ్యి చాస్తే అందేంత దూరంలో...

రెండు స్తంభాల దూరంలో.

వాళ్ళు దిగేలోపల వెనక్కొచ్చి, నన్ను కాలితో తన్ని లేపి, గుడ్డ నా చేతిలో కుక్కావు. 'నిద్రపోయావని తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది, నువ్వే ఊపినట్టు చెప్పు' అన్నావు. పొదల చాటున కూర్చుండిపోయావు. అంతే కదా? తొమ్మిది బోగీలు. నేను సోమవారం చెప్పింది పద్దెనిమిది.

ఉద్యోగం కోసం ఒక్కసారి చెప్పమన్నావు నువ్వు. పెళ్ళిళ్ళలో, క్షవరం షాపుల్లో, మన పిల్ల బళ్ళో, గ్యాసు బండ అతనికి కూడా చెప్పమన్నావా? నువ్వు పక్కనే ఉండగా చెప్పాను. నువ్వు టీ కప్పులు అందిస్తూ ఉండగా చెప్పాను. ఎప్పుడన్నా ఒక్కసారి, 'ఇంక చాల్లే' అని ఉంటే...

అనలేదు. నువ్వు ఎర్ర గుండీ వేసిన వేళ కూడా నేను చెబుతున్నది అదే.

చెప్పేశాను. అయిపోయింది. ఇప్పుడు నొక్కుతావా?

రెండుసార్లా?

కంట్లో నలుసేమన్నా పడిందా? ఇంకోసారి అడుగుతాను. నొక్కుతావా?

రెండు.

అమ్మాయితో వెళ్ళిపోతావా?

ఒకటి.

ఊఁ. అక్కడ కింది ఇల్లు, చల్లగా ఉంటుందిలే. వేడికేనా వెళ్ళడం?

కాదు. పడ్డావనా?

అదీ కాదు. మూడోది నేనడగను. అడిగితే నువ్వు నిజం చెబుతావు.

ఎండలు తగ్గాక వస్తావా?

రెప్ప వెయ్యవేం? ఔనో కాదో ఏదో ఒకటి... పోనీలే. కళ్ళు మండుతాయి, మూసుకో.

కారు హారన్ అదే. దాని హారన్ కూడా కసురుతున్నట్టే ఉంటుంది.

ఇప్పుడు దానికేం చెప్పను? అమ్మ నొక్కలేదంటే, ఉన్న చెయ్యి కూడా పోయిందని హడలిపోయి ఆస్పత్రికి లాక్కెళుతుంది. లైను బ్రహ్మాండంగా ఉంది, అమ్మ కావాలనే నొక్కలేదంటే నమ్ముతుందా? ఈ ఇంట్లో నా మాట నమ్మేదెవరు? ఉన్న ఒక్క సాక్షివీ నువ్వు.

ఆగు. ఇటు చూడు. కిటికీ దగ్గర ఈ అతుకు మీద బొటనవేలితో ఇలా... ఊఁ, గట్టిగానే బిగించాను, మంచి పని... ఇదిగో. వంగింది. టక్కుమంది, విన్నావా? పట్టా వంగింది, రైలు పోదు. మేస్త్రీకి ముసలితనం వచ్చింది, సందు వదలడం చేతకాలేదు, అందుకని అమ్మ నీతో వస్తుంది. అలా చెబుతాను.

మెట్లెక్కుతోంది. ఎర్ర గుండీ నీ గుప్పిట్లో పెడుతున్నాను, పట్టుకో. అక్కడ రైలు లేదు, పెట్టె లేదు, ఎందుకు పనికొస్తుందో నాకూ తెలీదు. ఊరికే ఉంచుకో.

నన్ను నేను తగ్గించుకుని అబద్ధం చెప్పడం ఇదే మొదటిసారి. అలవాటు లేని పని. మధ్యలో తడబడతానేమో, అలవాటుకొద్దీ ఎక్కడన్నా పెంచేస్తానేమో.

నేనేం చెప్పినా, ఎప్పటిలాగే, నువ్వేమీ అనకు.