లంగరు దీవిలో బల్లి

నా పేరు పై కాగితంలో రాసుకున్నారు కాబట్టి మళ్ళీ చెప్పడం లేదు. అద్దాలక్క అంటేనే ఎవరికైనా తెలుస్తుంది. వయసు నలభై ఆరు. పెద్ద వీధి మలుపులో ఉన్న కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేములకు బిగించడం నా పని. ఇంతకుముందు నా మీద ఏ కేసూ లేదు. నన్నెవరూ భయపెట్టలేదు, ఆశపెట్టలేదు. నా అంతట నేనే చెబుతున్నాను.

ముందు ఆట సంగతి చెప్పాలి. లేకపోతే తక్కినదంతా తలాతోకా లేకుండా ఉంటుందని రాసుకుంటున్న కానిస్టేబుల్ గారే అన్నారు. నేను చదువుకునే రోజుల్లో 'లంగరు దీవి' అని ఒక కంప్యూటర్ ఆట వచ్చింది. అందులో కాల్పులూ పరుగులూ ఉండవు. పడవల రేవులో టిక్కెట్లు చింపే ఒకామె, ఆఖరి పడవ తప్పిపోయి దీవిలో చిక్కుకుపోతుంది. ఆమెను గది గదికీ తిప్పాలి. దొరికిన వస్తువునల్లా సంచిలో వేయించాలి. దేన్ని దేనితో కలిపితే పని జరుగుతుందో కనిపెట్టి దీపస్తంభం వెలిగించాలి. అది వెలిగితే పడవ వెనక్కి వస్తుంది. మనం చేయాల్సిందల్లా తెర మీది బొమ్మలో కావలసిన చోట బాణం గుర్తు పెట్టి నొక్కడమే. ఆమె అక్కడికి నడిచి వెళ్తుంది.

ఆ ఆటంటే నేనూ మా మరిదీ చెవి కోసుకుంటాం. మరిది రొట్టెల కంపెనీలో వ్యాను నడుపుతాడు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆ ఇంట్లో నాతో ముందుగా మాట కలిపింది అతనే, అదీ ఈ ఆట వల్లే. ఆట చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. పాత బొమ్మలు ఇప్పటి తెరల మీద పెడితే ఇసుక రాలినట్టు చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి. ఇలాంటి పాత ఆటల్ని అభిమానులే మళ్ళీ కొత్తగా గీసి, కొత్త కంప్యూటర్లలో నడిచేలా చేసి, అందరికీ ఉచితంగా ఇవ్వడం చాలాచోట్ల ఉంది. మేమూ ఆరేళ్ళ క్రితం మొదలుపెట్టాం. ప్రోగ్రాం రాయడం మరిది వంతు, గదులు గీయడం నా వంతు. అనుమతి తీసుకోలేదు. అడుగుదామంటే మనిషి లేడు. ఇది సాకు కాదు, జరిగిన సంగతి చెబుతున్నాను.

ఈ పనిలో అసలు తంటా ఏమిటంటే, పాత బొమ్మలో ఒక మనిషి ముఖమంటే ఏడెనిమిది చుక్కలు. ఆ చుక్కలు ఏమిటో తేల్చుకుంటే గాని పెద్దగా గీయలేం. వంటగది గోడ మీది ఎర్ర మచ్చ తుప్పా పువ్వా అన్న దాని మీద వదినా మరుదులం వారం పాటు మాట్లాడుకోలేదు. చివరికి మా ఆయన విసుగెత్తి, "తుప్పు పట్టిన పువ్వనుకోండి, నాకు అన్నం పెట్టండి," అన్నారు. అలాగే ప్రతి గదిలోనూ గోడ అడుగున, కుడివైపు మూలకు, నల్లగా ఒక మెలిక ఉంది. నాలుగు చుక్కల ఒళ్ళు, వెనక చిన్న వంపు. నేను బల్లి అని తేల్చాను.

"అన్ని గదుల్లోనూ బల్లేంటి వదినా?" అన్నాడు మరిది.

"దీవన్నాక బల్లులుండవా? నువ్వు గియ్యవుగా, ఊరుకో," అన్నాను.

ఊరుకోలేదు. ఉత్సాహం పట్టలేక అన్ని బల్లులకూ తోకలు ఆడేలా రాశాడు. ఈ కేసుకు మూలం అదే.

ఆట దాదాపు పూర్తయింది. అద్దాల కోసం ఎదురుచూసేవాళ్ళకు కాలక్షేపంగా ఉంటుందని మా యజమాని దుకాణంలోని తెర మీద పెట్టనిచ్చాడు. మొన్న మంగళవారం ఉదయం పదకొండింటి ప్రాంతంలో ఒక పెద్దాయన వచ్చారు. ఫొటోలకు చట్రాలు కట్టే పని. అంతకుముందు ఆయన్ని నేను చూడలేదు. గోళ్ళ చుట్టూ జిగురు ఎండి ఉంది. కొత్త అద్దాలు బిగించి ఆయన ముక్కు మీద నేనే పెట్టాను. "ఎదురుగా ఏదో ఒకటి చూసి చెప్పండి, మసకగా ఉందా?" అన్నాను. ఆయన తెర వంక చూశారు. తన పాత కళ్ళజోడు బల్ల మీదే వదిలేసి చరచరా వెళ్ళిపోయారు. కొలత తప్పుగా తీశానేమో అని నా పనిని నేనే రెండుసార్లు సరిచూసుకున్నాను.

మూడు గంటలకు, నేను భోజనానికి ఇంటికి వెళ్ళి ఉండగా, కానిస్టేబుల్ గారు వచ్చారు. ఆట మీద ఫిర్యాదు వచ్చిందన్నారు. కంప్యూటర్ పెట్టె, నకలు దాచిన డబ్బా, రెండూ తీసుకున్నారు. దుకాణంలో పెట్టింది మొదటి కొన్ని గదులే. ఆరేళ్ళ పనంతా ఆ రెండిట్లోనే ఉంది, ఇంకెక్కడా లేదు. పెట్టెను తీగ పట్టుకుని ఎత్తబోతుంటే మా ఆయన, "అది బకెట్ కాదు బాబూ," అని తానే చంటిపిల్లలా ఎత్తుకుని స్టేషన్ దాకా మోశారు. మరిది వ్యాను ఎక్కడో ఆపేసి రొట్టెల వాసనతో మా వెంట పరిగెత్తుకొచ్చాడు.

స్టేషన్‌లో ఆ పెద్దాయన కూర్చుని ఉన్నారు. నన్ను చూపించి, "ఈవిడే," అన్నారు.

"అద్దాలు సరిగ్గా కుదరలేదాండీ?" అన్నాను. నాకు తోచింది అదొక్కటే.

"బ్రహ్మాండంగా కుదిరాయి. అందుకే కనిపించింది. ఆ గదులు నావి. అన్నీ నేను గీశాను."

ఇక్కడ జరిగింది జరిగినట్టు రాసుకోండి. నిందితురాలు లేచి వెళ్ళి ఫిర్యాదుదారుడి రెండు చేతులూ పట్టుకుంది, అధికారి గారు వదలమన్నా వదల్లేదు. నిజమే. ఆ ఆట పెట్టె మీద కంపెనీ పేరు తప్ప ఒక్క మనిషి పేరు లేదు. ఆ గదులు గీసిందెవరో తెలుసుకోవాలని మేము వెతకని చోటు లేదు. ఆయన మా పక్క వీధిలో చట్రాలు కడుతున్నారు. నా మీద కేసు పెట్టారన్న సంగతే మర్చిపోయాను, అంత సంతోషమేసింది. మరిది ఆగలేక, "మెట్ల గదిలో నీడ ఎదురు దిక్కున పడిందేంటి సార్? దానికేదైనా అర్థముందా?" అన్నాడు. చిన్నప్పటి నుంచీ అతన్ని పీడిస్తున్న ప్రశ్న అది.

"ఆ వారం నాకు జ్వరం," అన్నారాయన.

కానీ ఆయన కోపం తగ్గలేదు. "సంతకాలు పెట్టకూడదన్నారు కంపెనీవాళ్ళు. నేను పెట్టాను. ఎవరికీ తెలియకుండా ప్రతి గోడకీ అడుగున పెట్టాను. ఇన్నేళ్ళకి ఇవాళ మళ్ళీ కనిపించిందనుకుంటే, అది తోకాడిస్తోంది!"

రాసుకుంటున్న కానిస్టేబుల్ గారు నవ్వారు. అధికారి గారు చూడగానే దగ్గుగా మార్చుకున్నారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఒక మనిషి తన పేరు కోసం పెట్టుకున్న గుర్తును పురుగుల్ని తినే జీవిని చేసి పెట్టాను. ఆయన మొత్తం చెరిపేయించమన్నారు. ఒక్క గది కూడా మిగలకూడదన్నారు.

"ఏమంటావమ్మా?" అన్నారు అధికారి గారు.

"ఆయన గదులు, ఆయనిష్టం. చెరిపేస్తాను," అన్నాను. మరిది నా మోచెయ్యి గిల్లాడు. ఇప్పటికీ కమిలి ఉంది, కావాలంటే చూపిస్తాను. పెద్దాయన వైపు తిరిగాను. "కానీ ఒక్కసారి మొదటి నుంచి చివరిదాకా ఆడి, ఆ తర్వాత చెరిపించండి. పాత ఆటలో మీరు చూసినదానికీ మాదానికీ తేడా ఏముందో మీరే చెప్పండి."

"పాతది నేను చూడలేదు," అన్నారాయన.

ఎవరికీ అర్థం కాలేదు. ఆయనే చెప్పారు. గదులన్నీ గీసి ఇచ్చాక ఆయన్ని పనిలోంచి తీసేశారు. ఆట బయటికొచ్చాక ఒక్క ప్రతి కూడా ఇవ్వలేదు. ఇంట్లో కంప్యూటర్ లేదు. "ఖాళీ గదులు గీశాను, ఇచ్చేశాను. వాటిలో మనిషి తిరగ్గా నేనెప్పుడూ చూడలేదు," అన్నారు. ఆ మాటకు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అధికారి గారు, సాక్ష్యాన్ని ఎలాగూ పరిశీలించాలి కదా అన్నారు. ఆయన సమక్షంలోనే పెట్టెను బల్ల మీద పెట్టి మరిది స్టేషన్‌లోని తెరకు తీగలు కలిపాడు. పెద్దాయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు. తెర మీద రేవు కనిపించింది. టిక్కెట్లామె మూలన నిలబడి ఉంది. ఆయన భయం భయంగా తలుపు మీద నొక్కారు. ఆమె నడిచింది. ఆయన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆమె తలుపు దాకా వెళ్ళి ఆగి, ఏం చెయ్యమంటారన్నట్టు ఇటు తిరిగింది.

"నా గచ్చు మీద నడుస్తోంది," అన్నారాయన, ఎవరితో అని కాకుండా.

ఆ తర్వాత సాయంత్రం దాకా స్టేషన్‌లో వేరే పనేదీ సాగలేదు. దీనికి నన్ను బాధ్యురాలిని చేయవద్దని మనవి. గదులు గీసిన మనిషే రెండో గదిలో చిక్కుకుపోయారు. అడిగితే తప్ప దారి చెప్పకూడదన్నది మా ఆటవాళ్ళ మర్యాద కాబట్టి మేమిద్దరం పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాం. పోలీసులకు ఆ మర్యాద తెలియదు. "చీపురుతో ఆ గంట కొట్టి చూడండి సార్," అన్నారు ఒకరు. "నూనె డబ్బా సంచిలో వేసుకున్నారా లేదా?" అన్నారు అధికారి గారు. తన సొంత బొమ్మలో నూనె డబ్బా ఎక్కడుందో పెద్దాయనకే దొరకలేదు. దొరికాక చంటిపిల్లాడిలా నవ్వారు.

చివర్లో దీపస్తంభం మెట్లు వస్తాయి. చాలా మెట్లు. టిక్కెట్లామె ఒక్కొక్కటే ఎక్కుతుంది, తొందరపెట్టినా వినదు. చాలామంది ఆటగాళ్ళు అక్కడ విసుక్కుంటారు. ఆయన విసుక్కోలేదు. సగం ఎక్కేసరికి బాణం గుర్తు మీంచి చెయ్యి తీసేశారు.

"ఇవన్నీ ఒక మనిషి ఎక్కుతుందని నాకెవరూ చెప్పలేదమ్మా," అన్నారు నాతో. "తెలిసుంటే మధ్యలో కూర్చోడానికి ఒక బెంచీ గీసేవాణ్ణి."

చెరిపెయ్యడం గురించి ఆ పూట ఎవరూ ఎత్తలేదు. నేనే ఎత్తాను, మాటిచ్చాను కాబట్టి. బెంచీ వేశాక చూద్దామన్నారు. ఫిర్యాదు మాత్రం వెనక్కి తీసుకోనన్నారు.

కేసు నడుస్తున్నంత కాలం పెట్టె స్టేషన్ దాటకూడదు. అందువల్ల బుధవారం నుంచి రోజూ మధ్యాహ్నం ఆయన చట్రాల పని కట్టిపెట్టి ఇక్కడికే వస్తున్నారు. నేను దుకాణంలో అనుమతి అడిగి వస్తున్నాను. కిటికీ పక్కన మాకొక బల్ల ఇచ్చారు. బల్లులన్నిటినీ తీసేశాను, ఆయన తన సంతకాలు తనే మళ్ళీ పెట్టుకున్నారు, ఈసారి చదవడానికి వీలుగా. బెంచీ కాళ్ళు మూడుసార్లు చెరిపి గీశారు. పాత ఆటలో ఆ టిక్కెట్లామెకు నడవడం, వస్తువులు తీసుకోవడం తప్ప ఏమీ రాదు. మరిది రెండు రోజులు తంటాలు పడి ఆమెకు కూర్చోవడం నేర్పాడు.

నిన్న, శుక్రవారం, అయిదు గంటలప్పుడు ఆమె సగం మెట్లెక్కి ఆగింది. ఆయన బెంచీ మీద నొక్కారు. ఆమె సంచి దించి కూర్చుంది. మరిది తర్వాతి మెట్టు మీద నొక్కబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"ఉండవయ్యా. కాసేపు కూర్చోనియ్యి," అన్నారు.

కూర్చోనిచ్చాం. అధికారి గారు కూడా నిలబడి చూశారు.

ఈ రోజు ఉదయం ఫిర్యాదు ఉపసంహరించుకుంటారా అని ఆయన్ని అడిగారట. తక్కిన ముప్ఫై గదుల్లోనూ ఆమెకు కూర్చునే చోటు లేదని, ఆ సంగతి తేలేవరకు కేసు ఉండాలని చెప్పారట. నన్ను నేరం ఒప్పుకుంటావా అని అడిగారు. ఒప్పుకుంటున్నాను. అడక్కుండా గీశాను, సంతకాన్ని బల్లిని చేశాను. ఇందులో నా మరిదికి తోకల వరకే సంబంధం. కేసు కొట్టేయమని నేను కోరడం లేదు. అధికారి గారు దయ ఉంచి విచారణ వీలైనంత నిదానంగా జరిపించాలని మాత్రం వేడుకుంటున్నాను.

పైన రాసిందంతా నాకు చదివి వినిపించారు. నేను అన్నది ఏదీ వదల్లేదు, అననిది ఏదీ కలపలేదు. అంతా నిజమని ఒప్పుకుని కింద సంతకం చేస్తున్నాను.

(సంతకం)
అద్దాలక్క
శనివారం, ఉదయం పదకొండున్నర