కళ్ళు ముందా, పళ్ళు ముందా

"మామ్మా, ఇంట్లో రెండు జబ్బులుండి డబ్బు ఒక్కదానికే సరిపోతే ఏ వైద్యం ముందు చేయించాలన్నది ఇప్పుడు మా మెడికల్ కాలేజీలో పాఠం. మీ రోజుల్లో ఎలా తేల్చుకునేవారు?"

దానిక్కూడా పాఠముందేటే! సెప్తాను, ఇలా కూకో. ఆ ఫ్యాను కాస్త తగ్గించు.

మీ తాతని సేసుకుని సీడికాడ నుంచి ఈ సోడవరం ఒచ్చేనా, అప్పటికే మా అత్తకీ మావకీ, అదే, మీ తాత అమ్మకీ నాన్నకీ, అరవై దాటిపోయేయి. సెరుకు పండించి, గానుగాడి, బెల్లం అమ్ముకునీవోళ్ళం. బెల్లం ధరంటావా, మనం కొంటే ఎక్కువ, మనం అమ్మితే తక్కువ. సర్లే, అది కాదు.

ఓ ఏడు, మీ నాన్న కడుపులో ఉన్నాడు, కాదు కాదు, పుట్టేసేడు, పాకుతన్నాడు. అప్పటికి మావకి రెండు కళ్ళకీ పొర కమ్మేసింది. మనిసి నీడలా తెలిసీదట, మొకం తెలిసీది కాదు. అత్తకేమో పళ్ళు. సుట్ట నిప్పు నోట్లోకెట్టుకుని అడ్డపొగ కాల్చీది కదా, దానివల్లో ఏటో, సగం ఊడిపోయి సగం పుచ్చిపోయేయి. దవడ ఇంతలావు వాచీది. సోడంబలి, అదే మీ రాగిజావ, తప్ప ఏటీ మింగలేదు. మనిసి సీపురుపుల్ల అయిపోయింది.

బెల్లం డబ్బులొచ్చేయి. ఒక్కరికే సరిపోతాయి. కళ్ళాపరేషను ఆసుపత్రిలో ఊరికే సేస్తారు గానీ, విశాఖపట్నంలో తోడుండాలా, తిండీ, మందులూ, కళ్ళజోడూ. పళ్ళకి అనకాపల్లిలో డాకటరున్నాడు, ఊరికే సెయ్యడు.

అందరిదీ ఒకటే మాట, కళ్ళే ముందని. "ముసల్దానికి పళ్ళేటిరా, మళ్ళీ పెళ్ళి సేస్తావేటి?" అని మీ తాత పెదనాన్న నవ్వీసేడు. అత్త కూడా, "నాకు అంబలి సాల్రా, మీ అయ్యకి కళ్ళు తెప్పించు" అంది.

అప్పుడు మావ అరుగు మీంచి ఏటన్నాడో తెలుసా?

"ఒరే, నాకు కనపడకపోతే నీ పెళ్ళాం సెయ్యట్టుకుని దొడ్లోకి తీసుకెల్తంది. మీ అమ్మకి నమిలి పెట్టీవోడెవుడురా? నా కళ్ళు నొప్పెట్టవు. దాని పళ్ళు రేత్రీ పగలూ నొప్పెడతన్నాయి. మూలుగు ఇనపడకూడదని నోట్లో గుడ్డ కుక్కుకుంటంది. పక్కనున్నోడిని, నాకు తెలీదేటి?"

అత్త లేసి వంటింట్లోకెల్లిపోయింది.

నానే అనకాపల్లి తీసుకెల్లేను, బస్సులో. ఉన్నవన్నీ పీకీసి, సిగుళ్ళు మానేక అచ్చు తీసి, కట్టుడు పళ్ళు పెట్టేరు. మొదట్లో పడలేదు. "గుర్రానికి కళ్ళెమెట్టినట్టుందే" అని గళాసులో పడీసీది. బతిమాలి, కసిరి, అలవాటు సేసేను. ఓ మజ్జానం ములక్కాడల పులుసు. అత్త నమిలి పిప్పి పక్కనెడతంది. మావ అన్నం కలుపుతన్నోడు ఆగిపోయేడు.

"ఏటే నములుతన్నావు?"

"ములక్కాడ."

"ఇంకోటి నములు" అన్నాడు. సెవి అటే పెట్టి ఇంటన్నాడు, పాటింటన్నట్టు.

మరి కష్టం లేదని కాదు. మరుసటేడు సెరుకు బాలేదు. మావ కళ్ళాపరేషను ఆగిపోయింది. ఈలోగా పొలం గట్టు కనపడక పడిపోయి సెయ్యి ఇరగ్గొట్టుకున్నాడు. "నా పళ్ళే నీ సెయ్యి ఇరగ్గొట్టేయి" అని అత్త ఎంత ఏడ్సిందో. మావ మాత్రం, "నీ పళ్ళేటి సేసేయే, గట్టు తప్పు" అన్నాడు.

ఆ పైయేడు విశాఖపట్నం తీసుకెల్లేం. ఆపరేషనయ్యేక కట్టు ఇప్పేరు, సోడాబుడ్డి కళ్ళజోడు పెట్టేరు. మనవడి మొకం ఎప్పుడూ సూడలేదు కదా అని మీ నాన్నని ముందుకి తోసేను. తల నిమిరేడు గానీ, సూపు అటూ ఇటూ ఎతుకుతంది. అత్త మంచం ఎనక నిలబడి, సిగ్గుతో కొంగు నోటికడ్డమెట్టుకుంది.

"తియ్యవే ఆ కొంగు. ఈ కళ్ళు ఇన్నాళ్ళు ఆగింది ఆ పళ్ళ కోసరమే గదా" అన్నాడు.

తీసింది. నవ్వింది. మావ అలా సూస్తానే ఉన్నాడు. పక్క మంచాలోళ్ళు కూడా నవ్వేరు.

మీ పాఠంలో దీన్ని ఏ లెక్కలో ఏస్తారో నాకు తెలీదు తల్లీ. నీ దగ్గరికి ఎవులొచ్చినా, ఎక్కడ నొప్పెడతందో ఆళ్ళ నోటితోనే సెప్పించుకో. నీ సెయ్యి సల్లగుండాలి. కడుపారా తిను, కళ్ళారా సూడు, నిండు నూరేళ్ళూ. లే మరి, అన్నం సల్లారిపోతంది...